టెలిఫోను తీగల నుంచి కీబోర్డు దాకా

ఎలక్ట్రానిక్ వాద్యమైన సింథసైజర్‌లోని ఫిల్టర్ సంగీతం కోసం పుట్టలేదు, టెలిఫోను తీగల ఖర్చు మిగుల్చుకోవడానికి పుట్టింది. ఒకే తీగ మీద ఒకేసారి అనేక సంభాషణలు పంపాలంటే, ఒక్కోదాన్ని ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎక్కించి అవతలి కొసన మళ్లీ విడదీయాలి. అలా విడదీసే సర్క్యూటే ఫిల్టర్. దాన్ని 1915 ప్రాంతంలో అమెరికాలో ఏటీ అండ్ టీ ఇంజనీరు జార్జ్ క్యాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ ఎవరికి వారుగా కనిపెట్టారు.

నిజానికి మన నోటికి ఫ్రీక్వెన్సీలను విడదీసే ఈ విద్య ఎప్పటినుంచో తెలుసు. గొంతులో పుట్టే నాదం ఒక్కటే. నాలుక, పెదవులు కదిలి కొన్ని ఫ్రీక్వెన్సీలను అణచి కొన్నిటిని నిలిపితే అదే అ, ఇ, ఉ అవుతుంది. 1930లో బెర్లిన్‌లో ట్రౌట్వైన్ అనే ఇంజనీరు తన ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యంలో ఈ కిటుకునే వాడుకున్నాడు.

అసలు మలుపు 1965లో, అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మూగ్ చేతిలో వచ్చింది. ట్రాన్సిస్టర్ జతలను నిచ్చెన మెట్లలా నాలుగు వరసలు పేర్చాడు. ఫిల్టర్ అణచడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీని కటాఫ్ అంటారు. దాన్ని దాటాక పైకి వెళ్లే ఒక్కో స్థాయికి ఒక్కో మెట్టు శబ్దాన్ని దాదాపు సగం చేస్తుంది. నాలుగూ కలిస్తే మిగిలేది దాదాపు పదహారో వంతు. అంతకన్నా గొప్ప సంగతి, ఆ కటాఫ్‌ను వోల్టేజితో జరపవచ్చు. మీట నొక్కగానే ఫిల్టర్ తెరుచుకుని మెల్లగా మూసుకుంటుంది. స్వరానికి ఊపిరి వచ్చినట్టే. 1969లో పేటెంటు దక్కింది, మరుసటి ఏడాది ఆ ఫిల్టరుతో మినీమూగ్ సింథసైజర్ వచ్చింది.

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్‌లో ఫిల్టరే లేదు. అయినా ప్రపంచమంతా ఎగబడి కొన్నది.  

అలా పక్కకు పోబోయిన ఫిల్టర్‌ను నిలబెట్టింది ఒక విఫల యంత్రం. గిటారిస్టుకు తోడుగా బేస్ వాయించాలని రోలాండ్ చేసిన టీబీ-303ను 1984కల్లా ఆపేశారు. బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ 1982లోనే దాన్ని వాడి రాగాలు రికార్డు చేశాడు, పట్టించుకున్నవారు తక్కువ. షికాగో కుర్రాళ్లు అదే యంత్రం కటాఫ్ తిప్పుతూ చేసిన పాట 1987లో విడుదలై, దానితో యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీత బాణీ మొదలైంది. సింగ్ రికార్డు మళ్లీ వెలుగు చూడడానికి 2010 దాకా పట్టింది.

ఇప్పుడా మూగ్ నిచ్చెన కంప్యూటర్ ప్రోగ్రాములో కొన్ని వరసల లెక్క, అంతే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ముందే తయారుచేసి ఉంచిన వందల ప్రీసెట్ల జోలికి పోకండి. ఒకే స్వరం పట్టి, కటాఫ్ ఒక్కటే తిప్పుతూ కాసేపు వినండి.