సీలు లేని మీటరు

మొన్న ఒక రాత్రి పదకొండు దాటాక సోమాజిగూడలో డ్యూటీ ముగించుకుని ఫోన్‌లో క్యాబ్ బుక్ చేశాను. బుక్ అయిన ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ కొట్టారు. మూడో ఆయన ఫోన్ చేశాడు. "భాయ్, డ్రాప్ కహా హై? క్యాషా, ఆన్‌లైనా?" హైదరాబాద్‌లో యాప్ మీద బండెక్కే ప్రతి మనిషీ రోజూ జవాబు చెప్పే ప్రశ్నలే ఇవి. "యాకుత్‌పురా. క్యాషే" అన్నాను. వచ్చాడు.

ఇంటి దగ్గర దిగేటప్పుడు నా ఫోన్ 286 రూపాయలు చూపించింది. ఇచ్చాను. ఆయన తన ఫోన్ నా వైపు తిప్పాడు. "దేఖో భాయ్, నా హిసాబ్ ఇది." అందులో 214 ఉంది. ఇద్దరం ఒకే బండిలో, ఒకే దారిలో వచ్చాం. సవారీ ఒకటే, లెక్కలు రెండు.

"మిగతా 72 కంపెనీదా?" అన్నాను.

"ఇవాళ 72. అది నా ఖాతాలో బాకీ పడుతుంది. నిన్న ఇంతే దూరానికి ఇంకో లెక్క. ఎట్లా కడతారో ఆ అల్లాకే మాలూమ్" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ నవ్వు నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నేను ఆటో డ్రైవర్ కొడుకుని.

మా అబ్బా ఇరవై రెండేళ్లు ఈ షహర్‌లో ఆటో నడిపారు. నా ఉర్దూ మీడియం స్కూలు ఫీజూ, తర్వాత తెలుగు డిగ్రీ పుస్తకాలూ ఆ మూడు చక్రాల మీదే వచ్చాయి. ఆ ఆటోలో మాకు అన్నిటికంటే అజీజ్ అయింది మీటరు. హ్యాండిల్ పక్కన నల్ల ఇనుప డబ్బా. సవారీ కూర్చోగానే పైనున్న రేకును కిందికి తిప్పితే టక్కుమని చప్పుడై అంకెలు కదిలేవి. ఆ డబ్బాకు సన్నటి తీగ చుట్టి, తీగ చివర సీసం బిళ్ల నొక్కి ఉండేది. అదే సీలు. తూనికలు కొలతల శాఖ వాళ్లు మీటరును పరీక్షించి వేసేది. ఏటా ఒక రోజు పని మానుకుని, లైన్లో నిలబడి అబ్బా ఆ ముద్ర వేయించుకొచ్చేవారు. సర్కారు కిరాయి రేట్లు మార్చినప్పుడు మళ్లీ అదే తిప్పలు.

సీలు తెంపి, లోపలి పళ్లచక్రం మార్చి, మీటరును పరుగెత్తించే మెకానిక్‌లు అప్పుడూ ఉన్నారు. వాళ్ల మాట వస్తే అబ్బా అనేవారు: "సీల్ తోడే తో సమఝో ఈమాన్ తోడ్ దియే." సీలు తెంపితే ఈమాన్ తెంపినట్టేనని. అబ్బా ఫరిష్తా ఏం కాదు. వానొచ్చినప్పుడు, స్ట్రైక్ ఉన్నప్పుడు ఆయన కూడా మీటరు వేయకుండా మీద పది రూపాయలు అడిగేవారు. కానీ అడిగేది ముఖం చూసి. సవారీ కూడా ముఖం చూసే "నై" అనేవాడు.

ఈ కొలత, దాని మీద ఒకరి నిఘా అనేది ఆటోతో పుట్టిన సంగతి కాదు. పాత ముస్లిం షహర్‌లలో ముహ్తసిబ్ అని ఒక అధికారి ఉండేవాడు. బజారులో తిరిగి తక్కెళ్లు, రాళ్లు, కుంచాలు సరిగా ఉన్నాయో లేదో చూడటం ఆయన నౌకరీ. పదకొండో శతాబ్దంలో బగ్దాద్‌లో ఉన్న ఖాజీ అల్ మావర్దీ రాజ్యపాలన మీద రాసిన కితాబులో ఈ పదవికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. బరువులు మోసే జంతువులతో వాటి తాకత్‌కు మించి పని చేయించేవాళ్లను ఆపడం కూడా ముహ్తసిబ్ బాధ్యతేనని రాశాడు. తూకం తప్పుగా ఉందేమో చూడాలి, మోసేవాడి మీద భారం ఎక్కువవుతోందేమో కూడా చూడాలి. రెండూ ఒకే అధికారి పనులు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తాను.

హైదరాబాద్‌లో మా దాదా కాలంలో సవారీ అంటే ఝట్కా, టాంగా. తర్వాత సైకిల్ రిక్షా. వాటిలో మీటరు లేదు. బేరమే కొలత. "కిరాయి" అనే మాట అరబీలో పుట్టి, ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడింది. అచ్చ తెలుగులో "బాడుగ" ఉన్నా మా తెలంగాణలో కిరాయే నడిచింది. ఆ కిరాయి ఎంతన్నది రెండు నోళ్ల మధ్య తేలేది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టాక బస్సెక్కినవాడికి టికెట్ మీద అచ్చువేసిన ధర కనిపించింది. కానీ బస్సు గల్లీలోకి రాదు. గల్లీలోకి వచ్చే బండికి బేరమే మిగిలింది.

ఆ బేరాన్ని యంత్రానికి అప్పగించింది జర్మనీ. 1891లో ఫ్రెడరిక్ విల్హెల్మ్ గుస్తావ్ బ్రూన్ అనే ఆయన తిరిగిన దూరం, ఆగిన సమయం కలిపి కిరాయి చూపించే యంత్రం తయారుచేశాడు. దాని పేరు టాక్సామీటర్. టాక్సీ అనే మాట అందులోంచే ఊడిపడింది. 1897లో స్టుట్‌గార్ట్‌లో మీటరు బిగించిన డైమ్లర్ మోటారు బండి కిరాయికి తిరగడం మొదలుపెట్టింది. అంటే టాక్సీ అన్న పేరు బండిది కాదు, మీటరుది. కొలత ఉన్న బండే టాక్సీ.

మన దేశంలోనూ ఇదే పద్ధతి నిలబడింది. 1988 మోటారు వాహనాల చట్టం కిరాయి నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర సర్కారుకు ఇచ్చింది. మీటరు సరిగా తిరుగుతోందో లేదో చూసే పని తూనికలు కొలతల శాఖది. అమల్లో ఎన్ని లొసుగులున్నా ఉసూల్ మాత్రం సాఫ్: రేటు చెప్పేది ఒకరు, కొలిచేది ఇంకొకరు పరీక్షించిన యంత్రం, ఆ యంత్రం సవారీకీ డ్రైవరుకూ ఒకే అంకె చూపిస్తుంది.

ఇక ఫోన్ జమానా. అమెరికా తన జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను మామూలు జనానికి కావాలని మసక చేసి ఇచ్చేది. 2000 మే నెలలో ఆ అడ్డు తీసేసింది. 2007లో ఐఫోన్ వచ్చింది. 2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉబర్ పుట్టింది, మరుసటి ఏడు అక్కడి రోడ్ల మీదికొచ్చింది. మన దగ్గర 2010 డిసెంబరులో ముంబైలో భవీశ్ అగర్వాల్, అంకిత్ భాటీ ఓలా మొదలుపెట్టారు. 2013లో ఉబర్ బెంగళూరులో దిగింది. అంతకుముందు ఫోన్ చేసి పిలిపించుకునే మేరు లాంటి క్యాబ్‌లు ఉన్నాయి గానీ, వాటిలో మీటరు ఉండేది. కొత్త యాప్‌లలో మీటరు పోయింది. డ్రైవర్ ఫోన్ తానున్న చోటును ఎప్పటికప్పుడు కంపెనీ కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ కంప్యూటర్ దగ్గర్లో ఉన్న బండిని వెతికి, దూరం, పట్టే సమయం, ఆ క్షణంలో ఎంతమంది అడుగుతున్నారు, ఎన్ని బండ్లున్నాయి అన్నవి లెక్కగట్టి కిరాయి చెబుతుంది.

ఈ కథలో మన హైదరాబాద్‌కు ఒక ప్రత్యేకమైన పేజీ ఉంది. అమెరికాలో ఉబర్ అంతా క్రెడిట్ కార్డు మీదే నడిచింది. నగదు ముట్టుకోకపోవడమే వాళ్ల గొప్ప. ఇక్కడ కార్డులున్నవాళ్లు తక్కువ. పైగా కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణ తప్పదని రిజర్వ్ బ్యాంక్ 2014 ఆగస్టులో గట్టిగా చెప్పింది. కంపెనీ ముందు పేటీఎం వాలెట్‌ను పట్టుకుంది. అదీ చాలక 2015 మే నెలలో నగదు తీసుకోవడానికి ఒప్పుకుంది. ప్రపంచంలో ఉబర్ మొదటిసారి నగదు తీసుకున్న షహర్ హైదరాబాద్. తర్వాత అదే పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. డ్రైవర్ "క్యాషా, ఆన్‌లైనా" అని అడిగినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో యాప్‌ను మన షహర్ తన జేబుకు తగ్గట్టు వంచింది. అంటే యాప్ ఆకాశం నుంచి దిగిన ఫర్మానా ఏం కాదు. వంచితే వంగుతుంది.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే యాప్ చేసిన మేలు కూడా చెప్పాలి. "పురానా షహర్ నై ఆతా" అన్న మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. ఇప్పుడు ఒకరు కాకపోతే మూడో ఆయనైనా వస్తున్నాడు. రాత్రిపూట నా బేగమ్ ఒంటరిగా రావాల్సివస్తే బండి ఎక్కడుందో నా ఫోన్‌లో కనిపిస్తుంది. అది పూర్తి భరోసా కాదని 2014 డిసెంబరులో ఢిల్లీలో ఒక క్యాబ్‌లో జరిగిన అత్యాచారం చెప్పింది. అయినా బేరమాడలేని ముసలివాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇది ఆసరాయే.

ఇంకో సంగతీ ఉంది. పాత మీటరుకు డ్రైవర్ పేరు తెలియదు. యాప్‌లో ముఖం కంటే ముందు పేరు కనిపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన, డ్రైవర్ ముస్లిం కాబట్టి ఓలా బుకింగ్ రద్దు చేశానని గర్వంగా ట్విట్టర్‌లో రాసుకున్నాడు. మతం, కులం చూసి డ్రైవర్ల మధ్యగానీ ప్రయాణికుల మధ్యగానీ తేడా చూపబోమని కంపెనీ జవాబిచ్చింది. మంచి జవాబే. కానీ ఎవరికీ చెప్పకుండా రద్దు చేసేవాళ్ల సంగతి ఎవరు లెక్కపెడతారు?

మళ్లీ హిసాబ్ దగ్గరికి వద్దాం. మా ఖాలా కొడుకు 2016లో అప్పు చేసి కారు కొన్నాడు. మొదట్లో రోజుకు ఇన్ని ట్రిప్పులు కొడితే ఇంత బోనస్ అన్నారు. వచ్చింది కూడా. ఖాలా మొహల్లా అంతా మిఠాయి పంచింది. కొన్ని నెలలకు ట్రిప్పుల లెక్క పెరిగింది, బోనస్ తగ్గింది, కంపెనీ కోత పెరిగింది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడగడానికి ఒక దర్వాజా లేదు, ఒక మేనేజర్ లేడు. పొద్దున్నే ఫోన్‌లో ఒక మెసేజ్, అంతే. కిస్తీ మాత్రం తగ్గలేదు. పద్నాలుగు గంటలు నడిపేవాడు. 2017 జనవరి మొదట్లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మెకు దిగినప్పుడు వాడూ ధర్నాలో కూర్చున్నాడు. చివరికి కారు ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. తాకత్‌కు మించిన భారం అని మావర్దీ రాసింది జంతువుల గురించి. వాటికైనా అడిగే ముహ్తసిబ్ ఒకడుండేవాడు.

ఈ మీటరు వివాదం కోర్టుదాకా కూడా వెళ్లింది. లండన్‌లో మీటరు పెట్టుకునే హక్కు నల్ల టాక్సీలకే ఉంది, ఉబర్ ఫోన్ కూడా మీటరే కదా అని డ్రైవర్ల సంఘాలు వాదించాయి. 2015 అక్టోబరులో హైకోర్టు, అది మీటరు కాదు పొమ్మంది. లెక్క కట్టేది బండిలోని ఫోన్ కాదు, ఎక్కడో ఉన్న సర్వర్ కాబట్టి. చట్టప్రకారం అది సరే కావచ్చు. నాకు మాత్రం ఆ తీర్పులో ఈ వందేళ్ల కథ తలకిందులైన చోటు కనిపిస్తుంది. కొలత బండిలోంచి లేచి కంపెనీ ఇంట్లోకి వెళ్లిపోయింది. సీలు వేద్దామంటే డబ్బా లేదు.

అదే లండన్‌లో యాసీన్ అస్లం, జేమ్స్ ఫారర్ అనే డ్రైవర్లు ఏళ్ల తరబడి కేసు నడిపారు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు వాళ్లు సొంత వ్యాపారులు కాదు, కనీస వేతనం, సెలవు జీతం హక్కులున్న శ్రామికులే అంది. కోర్టు చెప్పిన కారణాల్లో మొదటిది కిరాయే: రేటు కంపెనీ నిర్ణయిస్తున్నప్పుడు డ్రైవర్ సొంత వ్యాపారి ఎట్లా అవుతాడు? అదే ఏడు సెప్టెంబరులో మన దేశంలో యాప్ డ్రైవర్ల సమాఖ్య సామాజిక భద్రత కోరుతూ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆ సమాఖ్య ప్రధాన కార్యదర్శి షేక్ సలావుద్దీన్ మన హైదరాబాదీ.

సర్కారు ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి ఈ కంపెనీలను చట్టంలోకి తెచ్చారు. 2020 నవంబరు మార్గదర్శకాలు డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం ఇవ్వాలన్నాయి, రోజుకు 12 గంటలకు మించి నడపనివ్వొద్దన్నాయి. గిరాకీ ఉన్నప్పుడు అసలు రేటు మీద ఒకటిన్నర రెట్లు దాటొద్దన్నాయి. 2025 జూలైలో కొత్త మార్గదర్శకాలు దాన్ని రెండు రెట్లు చేశాయి. రాష్ట్రాలు తమ నిబంధనలు చేసి పట్టించుకుంటేనే ఇవి కాగితం దిగి రోడ్డెక్కుతాయి. ఆ రాత్రి 286లో 80 శాతమంటే 228 దాటుతుంది. డ్రైవర్ ఫోన్‌లో కనిపించింది 214.

కంపెనీలు చెప్పే మాట ఒకటుంది: లెక్క కట్టే పద్ధతి మా వ్యాపార రహస్యం. బాగుంది. అబ్బా మీటరులో ఎన్ని పళ్లచక్రాలున్నాయో ఏ సవారీకీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. దాన్ని ఎవరో విప్పి, పరీక్షించి, మళ్లీ మూసి ముద్ర వేశారన్న ఎతెబార్ చాలు. యాప్ విషయంలో అడుగుతున్నదీ అంతే. సర్కారు మనిషి ఒకరు లోపల చూసి సీలు వేయాలి. ప్రయాణం అయ్యాక కిరాయి ఎంత, కంపెనీ కోత ఎంత, పన్ను ఎంత, డ్రైవర్ చేతికి ఎంత అన్న ఒకే హిసాబ్ రెండు ఫోన్లలోనూ కనిపించాలి. నగదు తీసుకునేలా యాప్‌ను వంచిన షహర్‌కు ఇది మరీ పెద్ద కోరికేం కాదు.

అబ్బా పోయి ఆరేళ్లయింది. ఆ మీటరు ఆటోతోపాటే అమ్ముడుపోయింది. ఈ మధ్య నేనొక అలవాటు చేసుకున్నాను. దిగేముందు "భాయ్, మీ ఫోన్‌లో ఎంత చూపిస్తోంది?" అని అడుగుతాను. కొందరు మొహమాటపడతారు. చాలామంది వెంటనే చూపిస్తారు, ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టు. మీరూ ఒకసారి అడిగి చూడండి.