ఆలస్యముగా వచ్చిన కన్నీరు



హైదరాబాదు పాతబస్తీలో, మూసీ నది దక్షిణపు ఒడ్డున, సాలార్‌జంగు మ్యూజియము ఉన్నది. ఆసుపత్రి పని మీదనో, సువార్త సభల నిమిత్తమో పట్టణమునకు వెళ్లినప్పుడు మీలో కొందరు దానిని చూచియుందురు. అందులో తెల్లని చలువరాతి స్త్రీ ప్రతిమ యొకటి గలదు. ముఖముపైనున్న ముసుగు కూడ రాతితోనే చెక్కబడినది. అయినను పలుచని బట్టలోనుండి వలె ముఖము కనబడుచుండును. బెంజోనీ అను ఇటలీ దేశపు శిల్పి చెక్కిన ఈ ప్రతిమను 1876లో మొదటి సాలార్‌జంగు రోమాపురిలో కొని తెప్పించెను. చూడవచ్చినవారు శిల్పి పనితనమును మెచ్చుకొందురు. ఆమె మన పరిశుద్ధ గ్రంథములోని రిబ్కాయని తలంచుకొని కొంతసేపు నిలుచువారు కొద్దిమందియే.

రిబ్కా ఎవరు? ఇద్దరు కుమారులు గర్భములోనే పెనుగులాడగా దేవునియొద్ద విచారించిన తల్లి (ఆది. 25:22). పెద్దవాడు చిన్నవానిని చంపుదునని పగపట్టినప్పుడు, ఇద్దరు బిడ్డలు ఒక్కనాడే తన చేయి జారిపోవుదురేమోయని వణికిన తల్లి (ఆది. 27:45). ఆమె భయపడినది అక్షరాల జరిగిన పట్టణములు రెండు గలవు. ఒకటి ఆ ప్రతిమ ఇప్పుడున్న హైదరాబాదు. రెండవది అది వచ్చిన రోమాపురి. ఆ రెండు చరిత్రలను ఈ నెల మీ ముందుంచుచున్నాను.

మొదట హైదరాబాదు సంగతి. మొగలు చక్రవర్తియైన ఔరంగజేబు తన తండ్రిని చెరలో ఉంచి, అన్నయైన దారాను 1659లో చంపించి సింహాసనము నిలుపుకొన్నవాడు. అతడు 1687లో దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించి గోలకొండను పట్టుకొనెను. ఆ ముట్టడి దినములలోనే తన కుమారుడైన ముఅజ్జము శత్రువుతో రహస్యముగా మాటలు నడిపెనని అనుమానించి, అతనిని ఏండ్ల తరబడి నిర్బంధములో నుంచెను. తండ్రి యింట చూచినదే కుమారులు నేర్చుకొందురు గదా! 1707లో ఔరంగజేబు చనిపోగానే ముగ్గురు కుమారులు రాజ్యమునకై లేచిరి. ఆ సంవత్సరమే ఆగ్రా దగ్గర జాజౌ యుద్ధములో ఆజము చచ్చెను. గెలిచిన ముఅజ్జము బహదూరు షా అను పేరుతో చక్రవర్తి యాయెను.

మిగిలినవాడు కడగొట్టు తమ్ముడు కాంబక్షు. అతడు బీజాపూరులో తానే రాజునని ప్రకటించుకొని, హైదరాబాదును కూడ పట్టుకొనెను. అన్న జాబు వ్రాసి, తనను చక్రవర్తిగా ఒప్పుకొనినచో ఆ రెండు ప్రాంతములు నీకే విడిచెదననెను. తమ్ముడు ఒప్పుకొనలేదు. అంతేకాక, తనకు నమ్మకముగా పనిచేసిన అధికారులనే అనుమానించి చంపించుచు వచ్చెను. అది చూచి సైనికులు ఒక్కొక్కరే జారుకొనిరి. 1709 జనవరిలో హైదరాబాదు వెలుపల యుద్ధము జరిగిననాడు అతని చెంత కొన్ని వందలమంది మాత్రమే మిగిలిరి. గాయములతో నిండిన అతనిని పట్టి అన్న గుడారములకు తెచ్చిరి. ఆ సాయంకాలము బహదూరు షా అతని మంచమునొద్దకు వచ్చి, తన మీది శాలువను తీసి తమ్మునికి కప్పి, నిన్ను ఈ స్థితిలో చూడవలెనని నేను కోరలేదని దుఃఖించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. మరునాటికి తమ్ముడు ప్రాణము విడిచెను.

ఆ శాలువను గూర్చి ఆలోచించుడి. అది ప్రేమతో కప్పినదే కావచ్చును. అయితే అది గాయములకు ముందు రాలేదు, గాయముల తరువాత వచ్చినది. ఆ దుఃఖము అతని యింటికి బుద్ధియు నేర్పలేదు. 1712లో అతడు చనిపోగా అతని నలుగురు కుమారులు లాహోరు దగ్గర పోరాడిరి, ముగ్గురు చచ్చిరి. గెలిచిన జహందరు షా ఏడాది తిరుగకముందే సింహాసనము పోగొట్టుకొని, 1713లో తన తమ్ముని కుమారుని ఆజ్ఞచేత చంపబడెను. ఇట్లు బలహీనమైన ఢిల్లీ చేతినుండి 1724లో దక్కను జారిపోయి నిజాముల వశమాయెను. ఎవరికొరకు పోరాడిరో ఆ రాజ్యము వారి పిల్లలకు దక్కలేదు.

ఇక రోమాపురి. జూలియస్ కైసరును పొంపేయియు మామా అల్లుళ్లు. ఈ పొంపేయియే క్రీ.పూ. 63లో యెరూషలేమును పట్టుకొని అతిపరిశుద్ధ స్థలములో అడుగుపెట్టినవాడు. కైసరు కుమార్తె జూలియా క్రీ.పూ. 54లో చనిపోయిన పిమ్మట ఇద్దరిని కలిపిన ముడి ఊడిపోయినది. క్రీ.పూ. 48లో గ్రీసు దేశమందలి ఫార్సాలస్ వద్ద కైసరు గెలిచెను. పొంపేయి ఐగుప్తునకు పారిపోగా, ఒడ్డు చేరకముందే అక్కడివారు అతనిని పొడిచి చంపిరి. తరువాత వచ్చిన కైసరుకు అల్లుని తలను, ముద్రయుంగరమును చూపగా, ముఖము త్రిప్పుకొని ఏడ్చెనట. ఇదియు ఆలస్యపు కన్నీరే. నాలుగేండ్లకు అతడును తన స్నేహితుల కత్తులకు బలియాయెను.

దీనికంటె ఘోరమైనది మరియొకటి. క్రీ.శ. 211లో సెవెరసు చక్రవర్తి మరణశయ్య మీద తన ఇద్దరు కుమారులను, కరకల్లాను గేటాను, ఐకమత్యముగా నుండుడని బుద్ధిచెప్పెను. వారు ఒకే రాజభవనమును రెండుగా పంచుకొని, మధ్య తలుపులు మూయించుకొనిరి. ఆ సంవత్సరము ముగియకమునుపే సమాధానపడెదమని అన్న కబురు పెట్టగా, తమ్ముడు నమ్మి తల్లి గదికి వచ్చెను. అన్న పంపినవారు దూసుకొని వచ్చిరి. గేటా తల్లి యొడిలో దూరినను విడువక అక్కడనే నరికిరి. అడ్డుపెట్టిన తల్లి చేతికి గాయమాయెను. ఆమె ఆ బిడ్డకొరకు ఏడ్చుటకు కూడ వీలులేకపోయెను. తమ్ముని పేరును రాళ్లమీదనుండి చెక్కివేయించిన ఆ కరకల్లా 217లో దారి ప్రక్కన ఒక సైనికుని చేతిలో చచ్చెను.

రిబ్కా కుమారులకు ఇట్లు జరుగకపోవుటకు కారణమేమి? వారు మంచివారగుటచేతనా? కాదు. తమ్ముడు మోసగించినాడు, అన్న చంపుదునన్నాడు. ఇరువది సంవత్సరములు గడచిన తరువాత అన్న నాలుగువందల మందితో ఎదురు వచ్చుచుండెను. అది యుద్ధమునకు చాలిన బలగమే. అప్పుడు యాకోబు చేసినదేమి? రాత్రి దేవునితో పెనుగులాడెను. తాను కూడబెట్టిన మందలలో ఐదువందలకు పైగా పశువులను ముందుగా పంపెను. ఏడుమారులు నేలకు వంగెను. మోసముతో దీవెన తీసికొన్నవాడు చేతులతో తిరిగి ఇచ్చుచు వచ్చెను. ఏశావు పరుగెత్తి వచ్చి అతని మెడమీద పడెను, ఇద్దరును ఏడ్చిరి (ఆది. 33:4). ఈ కన్నీరు మాత్రము వేళకు వచ్చినది. ఇద్దరు బ్రతికియుండగానే వచ్చినది.

సహోదరులారా, మనకు గోలకొండ లేదు, రోమా రాజ్యము లేదు. ఉన్నది రెండెకరముల చెలక, ఒక బావిలో వంతు, తండ్రి కట్టిన యిల్లు. అయినను గట్టు జానెడు జరిగినదని ఏండ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరుగుచున్న అన్నదమ్ములు మన సంఘములలో లేరా? అక్కచెల్లెండ్ర పాలు ఎగ్గొట్టి, పండుగకు పిలువని యిండ్లు లేవా? ఒకే గుడిలో ఒకరు తూర్పు ప్రక్కను, మరియొకరు పడమటి ప్రక్కను కూర్చుండి, ఒకే రొట్టె తినువారు లేరా? సంఘపు పెద్దరికము కొరకు మాటలు మానుకొన్నవారు లేరా? వీరే ఒకడు చనిపోయిన దినమున పరుగున వచ్చి, శవము మీద క్రొత్త బట్ట కప్పి, గుండెలు బాదుకొని ఏడ్చుటను నేను అనేక పర్యాయములు సమాధి దొడ్డిలో చూచితిని. అది బహదూరు షా శాలువ కాక మరేమి?

న్యాయమైన పాలు అడుగుట తప్పని నేను చెప్పను. పెద్దమనుషులను కూర్చుండబెట్టి కొలిపించుకొనుడి, కాగితము వ్రాయించుకొనుడి. అయితే ఎక్కువ తీసికొన్నవాడు మొదట లేవవలెను. యాకోబు మొదట వంగినాడు. నష్టపోయినవాడు ఎదురు వెళ్లవలెను, ఏశావు పరుగెత్తినాడు. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పినది మనకే (మత్తయి 5:24).

వచ్చే ప్రభురాత్రి భోజనపు ఆదివారమునకు ఇంకను దినములున్నవి. మీ సహోదరుని గుమ్మము దూరము కాదు. అతడు బ్రతికియుండగానే శాలువ కప్పుడి. సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.