బ్యాండు దిగి బరాత్ ఎక్కిన గొంతు

మోత్కూర్ మెయిన్ రోడ్డు. పెండ్లి బరాత్ కదలడం లేదు. ట్రాలీ మీద డీజే బాక్సులు అదురుతున్నాయి. "అన్నా, టిల్లు పాట ఏయే!" అని గుంపులోంచి కేక. పాట పడగానే పెండ్లికొడుకు బామ్మర్ది దగ్గర్నుంచి కారు డ్రైవర్ దాకా అందరూ రోడ్డు మీదే. ఎవరు పాడారో అడిగి చూడండి. హీరో సిద్ధు జొన్నలగడ్డ పేరే చెబుతారు.

పాడింది, బాణీ కట్టింది రామ్ మిరియాల. రాసింది కాసర్ల శ్యామ్. 2022 నాటి 'డీజే టిల్లు' సినిమా.

అంతకుముందు ఈ గొంతు 'చౌరస్తా' బ్యాండుది. యశ్వంత్ నాగ్, రామ్, ఇంకొందరు మిత్రులు, పక్కన గిటార్లు, డ్రమ్స్. జానపదాన్ని తీసుకెళ్లి రెగే సంగీతంలో కలిపారు. రెగేలో గిటార్ దెబ్బ మనం చెయ్యి తట్టే చోట పడదు, అర క్షణం ఆగి ఖాళీలో పడుతుంది. ఆ ఊగులాటలోనే 'ఊరెళ్లిపోతా మామా' వచ్చింది. పట్నం చాలు, ఊరికి పోతానంటాడు ఒకడు. ఆ ఊళ్లో ఇంకేం మిగిలిందని ఎదురు ప్రశ్న. మోత్కూర్ ఉన్న మా పాత నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న తగలని ఇల్లు తక్కువ. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపొద్దంటూ పాట కట్టిందీ ఈ బ్యాండే.

తర్వాత రామ్ బయటికొచ్చాడు.

ఇలాగే ఇంగ్లండులో గాయకుడు పీటర్ గాబ్రియెల్ 1975లో తన జెనెసిస్ బ్యాండును వదిలాడు. 1977లో తన పేరే పెట్టి సొంత ఆల్బం తెచ్చాడు. బ్యాండు వదిలిన సంగతినే అందులో ఏడు మాత్రల నడకలో పాటగా పాడుకున్నాడు. మన మిశ్రచాపు తాళం లెక్కే అనుకోండి. అక్కడ ఆల్బం కొనేవాళ్లున్నారు. మన దగ్గర బ్యాండు దిగినవాడికి కనిపించే మొదటి గుమ్మం సినిమాది. 2021లో 'జాతిరత్నాలు'లో రధన్ బాణీకి 'చిట్టి' పాడాడు రామ్, ఊరూరా మోగింది. 2023లో 'బలగం' కోసం మంగ్లీతో కలిసి 'ఊరు పల్లెటూరు' పాడాడు. 2024లో 'టిల్లు స్క్వేర్'లోనూ పాటలకు బాణీ కట్టాడు.

తప్పు పట్టను. సినిమా ఇచ్చినంత మంది శ్రోతల్ని మన తెలుగులో ఏ బ్యాండూ ఇవ్వలేదు. కానీ సినిమా పాటలో కథ దర్శకుడిది, మొహం హీరోది. పాటగాడికి మిగిలేది గొంతొక్కటే. అందుకే ఒక మాట: ఉప్పల్‌లో మోత్కూర్ బస్సెక్కి కూర్చున్నాక 'ఊరెళ్లిపోతా మామా' ఓసారి పెట్టుకుని వినండి. హీరో లేకుండా పుట్టిన పాట అది.