చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

మన వర్తకుల కొట్లలో వెనుక రెండు పుస్తకములు తప్పక ఉండేవి. మొదటిది చిట్టా. ఉదయము తలుపు తీసినది మొదలు రాత్రి దీపము పెట్టి లెక్క ముగించేదాక, ఏ పద్దు ఎప్పుడు జరిగితే అప్పుడు వరుసగా అందులోకి ఎక్కేది. రెండవది ఆవర్జా. చిట్టాలోని పద్దులను పేరుపేరు వరుసను విడదీసి అందులో వ్రాసుకొనేవారు. చిట్టాను చూస్తే ఏ దినమున ఏమి జరిగినదో తెలియును. ఆవర్జాను చూస్తే ఫలానా మనిషి బాకీ ఎంతో తెలియును. మదనపల్లె మండీలోనైనా, పుంగనూరు అంగళ్లలోనైనా, కుప్పం కొట్లలోనైనా ఈ రెండూ లేనిదే వ్యాపారము సాగేది కాదు.

నేటి కంప్యూటరు సైతము ఇట్టి చిట్టానే వ్రాసుకొనుచున్నది. ఎవరు ఎప్పుడు తలుపు తట్టినారు, ఏమి అడిగినారు, ఏమి ఇచ్చితిమి, ఎక్కడ పొరబాటు జరిగినది అని క్షణక్షణమునకు ఒక్కొక్క పంక్తి వ్రాసుకొంటూ పోవును. దీనికి ఇంగ్లీషువారు లాగ్ అని పేరు పెట్టినారు. లాగ్ అనగా కొయ్యదుంగ. పూర్వము ఓడ వేగమును తెలుసుకొనుటకు ముళ్లు వేసిన త్రాటికి ఒక కొయ్యచెక్క కట్టి సముద్రములో విడిచేవారు. నియమిత కాలములో ఎన్ని ముళ్లు జారినవో లెక్కించి పుస్తకములో వ్రాసేవారు. ఆ పుస్తకము లాగ్‌బుక్కు అయినది. రేడియో కేంద్రములలో ప్రసారమైన ప్రతి అంశమునకు, కలిగిన ప్రతి అంతరాయమునకు వేళతో సహా వ్రాసి ఉంచే పుస్తకమునకు మేమూ ఆ పేరే వాడుదుము.

ఈ చిట్టాలతో వచ్చిన చిక్కు వాటి పరిమాణము. పంక్తికి నూరు అక్షరముల చొప్పున లెక్క వేస్తే, ఒక గిగాబైటు చిట్టాలో సుమారు కోటి పంక్తులు పట్టును. సెకనుకు ఒక పంక్తి చొప్పున రాత్రింబవళ్లు నిద్ర లేక చదివినను 115 దినములు దాటును. ఇన్ని పంక్తులలో మనకు కావలసినది ఒక్కటే కావచ్చును. దానిని పట్టుకొనుట ఎట్లు? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. మన సీమలో శతాబ్దములుగా ఉన్నదే.

గ్రామ కరణములు కవిలెలు వ్రాసేవారు. సరిహద్దులు, మాన్యములు, పన్నులు, ఊరి పుట్టుపూర్వోత్తరములు వాటిలో చేరేవి. మైసూరు సరిహద్దు ప్రాంతములలో కడితముల వాడుక హెచ్చు. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసి, మడతలుగా మడిచి, బలపముతో దానిపై వ్రాసేవారు. నిండిన పిదప తుడిచి తిరిగి వ్రాయవచ్చును. ఇది సదుపాయమే గాని, తుడిచినది మరల రాదు.

ఇక మన మూడు ఊళ్ల సంగతి చూడుడు. మదనపల్లె 1800లో నిజాము కుంఫిణీకి ఒప్పగించిన దత్తమండలములలోనిది. 1800 నుండి 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలము పొలమునకు కొలత వేయించి, రైతు పేర లెక్క కట్టించినాడు. పుంగనూరు జమీందారీ, కుప్పం చేరిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులోనివి. అక్కడి లెక్కలు జమీందారుల కచేరీలలో పెరిగినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడును ఒక జిల్లా క్రిందికి వచ్చినవి. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయి, వాటి భూములు రైతువారీలోకి మారినవి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరులో నిలిచినవి. పాలన మారిన ప్రతిసారి దస్త్రములు ఒక గది నుండి మరొక గదికి నడిచినవి. ఈ ప్రాంతములో ఒక సేద్యగాడు తన తాతనాటి చెక్కకు హక్కు చూపవలెనన్న, ఇన్ని మజిలీల దస్త్రములు తిరుగవేయవలసి రావచ్చును.

ఇంతటి రాశిని ఒకచోటికి తేవలెనని మొదట సంకల్పించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు కన్నులు, చెవులు అయినారు. ఊరూరికి మనుష్యులను పంపి, కరణముల కవిలెల నుండి కైఫియత్తులు వ్రాయించి తెప్పించినారు. 1821లో మెకంజీ మరణించెను. మిగిలిన సంగ్రహము ఎంత పెద్దదనగా, అందులో ఏమున్నదో తెలుపుటకే హెచ్. హెచ్. విల్సన్ 1828లో ఒక వివరణ పట్టిక ప్రకటింపవలసి వచ్చినది. పిదప సి. పి. బ్రౌను, శిథిలమగుచున్న స్థానిక చరిత్రలకు నకళ్లు తీయించినాడు. సేకరణ ఒక పని, పట్టిక ఒక పని, నకలు ఒక పని. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ చరిత్ర నేడు మనకు దక్కేది కాదు.

గ్రామములో మాత్రము పట్టిక అక్కరలేకపోయినది. ఏలయన, ఆ పట్టిక కరణము తలలోనే ఉండేది. ఏ సంవత్సరపు అడంగలు ఏ కట్టలో ఉన్నదో, ఏ సర్వే నంబరు ఎప్పుడు చీలినదో ఆయన నోట చెప్పగలిగేవాడు. ఇందులో మేలు ఎంతో, ఆయన దయకు లోబడియుండుటయను కీడును అంతే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసినది. ఒకరి గుప్పిటనుండి ఊరికి విడుదల లభించినదని సంతసించినవారు కలరు. కాని కట్టలు ప్రభుత్వమునకు వచ్చినంత సులభముగా ఆ తలలోని ఆవర్జా రాలేదు.

రిజిస్ట్రేషను శాఖవారు ఈ సంగతి ముందే ఎరుగుదురు. 1908 నాటి చట్టము దస్తావేజుల నకళ్లను వరుసగా పుస్తకములలో ఎక్కింపుమని చెప్పి ఊరకొనలేదు. మనుష్యుల పేర్లతో ఒక సూచిక, ఆస్తుల వివరములతో మరొక సూచిక ఉంచుమని విధించినది. అనగా చిట్టాకు తోడు రెండు ఆవర్జాలు. 1998లో ఆంధ్రప్రదేశ్ ఈ కార్యాలయములకు కంప్యూటర్లను తెచ్చినప్పుడు, ఆ సూచికల వెదకులాటయే యంత్రమునకు అప్పగింపబడినది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరములో మరొక పాఠము కలదు. 1950 మొదలు 1955 వరకు ఫ్రిమొట్-మోలర్ అను డేనిష్ వైద్యుని ఆధ్వర్యవమున, పట్టణములోను పరిసర గ్రామములలోను ఇంటింటికి తిరిగి క్షయ పరీక్షలు జరిపినారు. ఆ ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. ఇట్టి పనిలో కష్టమైనది పరీక్ష మాత్రమే కాదు. మొదటి విడతలో చూచిన మనిషియే రెండవ విడతలో కనబడిన మనిషి అని తేల్చవలెను. ఒకే పేరు గలవారు ఊరికి పదిమంది ఉందురు. కనుక ప్రతివానికి చెడని గుర్తు ఒకటి ఉండి తీరవలెను. కంప్యూటరు చిట్టాలోను ఇంతే. ఒక వ్యవహారపు పంక్తులు వేయి ఇతర పంక్తుల నడుమ చెదరియుండును. వాటన్నిటిపై ఒకే సంఖ్య వేసి ఉంచితేనే మరల ఏరి కూర్చుటకు వీలగును.

ఇక కంప్యూటరు కథకు వత్తము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లీ మెక్‌మహన్ అను పరిశోధకుడు ఫెడరలిస్టు వ్యాసములను పరిశీలించుచుండెను. 1787, 1788 సంవత్సరములలో వెలువడిన 85 వ్యాసములవి. ఏ వ్యాసము ఎవరు వ్రాసినదో మాటల పోకడను బట్టి తేల్చవలెనని ఆయన కోరిక. కాని ఆనాటి యంత్రపు జ్ఞాపకశక్తి స్వల్పము. వ్రాతలు దిద్దే ఎడిటరులో ఆ గ్రంథము పట్టలేదు. అప్పుడు కెన్ థామ్సన్ ఆ ఎడిటరులోని వెదకే భాగమును మాత్రము ఊడదీసి, వేరొక పనిముట్టు చేసి ఇచ్చినాడు. దానికి గ్రెప్ అని పేరు. అది గ్రంథమునంతటిని ఒకేసారి తలకెత్తుకొనదు. ఒక పంక్తిని తీసికొనును, కోరిన మాట ఉన్నదో లేదో చూచును, ఉన్నచో మనకు చూపును, లేనిచో విడిచి తరువాతి పంక్తికి పోవును. 1970ల నాటి ఆ చిన్న పనిముట్టు నేటికిని వాడుకలో ఉన్నది.

సాధారణపు ఎడిటరులో పెద్ద చిట్టాను తెరిచిన యంత్రము కొయ్యబారుటకు కారణము ఇప్పుడు సులభముగా తెలియును. చదువుటకు ఒక పుట చాలినచోట, అది గది నిండ కట్టలన్నిటిని ఒక్కమారు బల్లమీదికి దింపబోవును. లెస్ వంటి పనిముట్టు అట్లు చేయదు, తెరమీద పట్టినంత భాగమునే తెచ్చును. నేడు జరిగిన చెరుపు కావలసిన, మొదటినుండి చదువనక్కరలేదు. క్రొత్త పంక్తులు ఎప్పుడును చివరనే చేరును గనుక, టెయిల్ అను పనిముట్టుతో తోకను పట్టుకొన్న చాలును. ఫలానా వేళ కావలసిన, నడిమికి తెరువవలెను. వెదకు వేళ ముందుదైతే ముందు సగము, వెనుకదైతే వెనుక సగము ఉంచుకొని, మరల దాని నడుమ తెరువవలెను. కాలక్రమము తప్పని కోటి పంక్తులలోనైనను 24 సారులకు మించి తెరువవలసిన పని లేదు. పుటలకు తారీఖులు సరిగా వేసిన గుమాస్తా చేసిన ఉపకారము ఎంతటిదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

చదువుటలో ఒక నియమము కలదు. మూలము మీద చేయి వేయరాదు. చిట్టాకు విలువ, వ్రాసిన పంక్తిని తుడువకుండుటలోనే ఉన్నది. కడితమును తుడిచినట్లు దానిని తుడిచిన, అది సాక్ష్యము కాదు. కనుక నకలు తీసి, నకలులోనే వెదకవలెను. పాతవైన చిట్టాలను తారీఖు వేసి విడిగా కట్టి, మరొకచోట భద్రపరుపవలెను.

ఈ మరొకచోటు అను మాట ఎంత బరువైనదో మదనపల్లె వారికి చెప్పనక్కరలేదు. 2024 జూలై 21 రాత్రి అక్కడి సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి, భూమి సంబంధమైన దస్త్రములు కాలినవి. ఇట్టివేళ, మరొక కార్యాలయములో నకలున్న కాగితము తిరిగి పుట్టును. లేనిది లేనట్లే. కాలినదానికి, కాలకున్నను వెదకి తీయుటకు వీలుగాని దానికి, అక్కరగల రైతు దృష్టిలో భేదము లేదు. ఇద్దరూ ఒట్టి చేతులతోనే ఇల్లు చేరుదురు.

కంప్యూటరు వచ్చినది గనుక ఈ బాధ తొలగినదని తలపరాదు. అది వ్రాయు వేగము మనము చదువు వేగమును ఏనాడో మించిపోయినది. వేళ తప్పక వేయుట, గుర్తు చెడకుండ ఉంచుట, సూచిక కట్టుట, నకలు వేరొకచోట దాచుట అను నాలుగు పనులు వర్తకులును, కరణములును, రిజిస్ట్రేషను గుమాస్తాలును తమ తమ రీతుల చేసినవే. ఇంటిలోని దస్తావేజులకైనను, పెద్ద కార్యాలయపు చిట్టాలకైనను అవే వర్తించును. పెట్టె అడుగున ఉన్న పట్టా కాగితమునకు నేడే ఒక నకలు తీయించి, ఎక్కడ ఉంచితిమో ఇంటిలో మరొకరికి చెప్పి ఉంచుట ఆ పనికి మంచి ఆరంభము.