వాద్యవృందం వెనుక చలనచిత్రం

మన సంగీత చరిత్రలో 1952వ సంవత్సరం పరస్పర విరుద్ధమైన రెండు కార్యాలను చూచినది. ఢిల్లీ రేడియో కేంద్రంలో జాతీయ వాద్యవృందం నెలకొన్నది ఆ సంవత్సరమే. బి.వి. కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖామాత్యులు కాగా, రేడియోలో సినిమా పాటలకు చోటు కరవైనదీ ఆ సంవత్సరమే. శాస్త్రీయ సంగీతం జాతి అభిరుచిని తీర్చిదిద్దుననీ, సినిమా సంగీతం దానిని చెరచుననీ ఆనాటి పాలకుల విశ్వాసం. శ్రోతలు మాత్రం సిలోను రేడియోకు చెవి ఒగ్గినారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైన పిదపనే వారు తిరిగి ఇంటిముఖం పట్టినారు.

వాద్యవృందం మనకు బొత్తిగా కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో 'కుతపం' అని వాద్యకారుల సమూహాన్ని పేర్కొన్నాడు. కాని మన రాగసంగీతం ఏక వ్యక్తి మనోధర్మంగా పెరిగినది. పలువురు కలిసి వాయింపవలెనన్న ప్రతి స్వరమూ ముందుగా వ్రాసి ఉంచవలెను. ఎవరు ఎప్పుడు అందుకొనవలెనో, ఎవరు ఎప్పుడు మౌనం వహింపవలెనో నిర్ణయింపవలెను. ఈ విద్యను దేశంలో నిత్యం సాధన చేయుచున్న చోటు ఏది? బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలోని చలనచిత్ర నిర్మాణశాలలే.

కాబట్టి వాద్యవృందాన్ని నడిపినవారి పూర్వచరిత్ర గమనింపదగినది. కర్ణాటక పద్ధతికి టి.కె. జయరామయ్యర్ గారు, హిందుస్థానీ పద్ధతికి రవిశంకర్ గారు తొలి సారథులు. రవిశంకర్ అంతకు ముందే, 1946లో, 'ధర్తీ కే లాల్', 'నీచా నగర్' చిత్రాలకు సంగీతం కూర్చి ఉన్నారు. 1956లో ఆయన తరువాత వచ్చిన వేణువిద్వాంసులు పన్నాలాల్ ఘోష్ కూడ బొంబాయి చిత్రసీమ ఎరిగినవారే. 1963లో ఆ పీఠం సాక్షాత్తు ఒక సినిమా సంగీత దర్శకునికి, అనిల్ బిశ్వాస్ గారికి, లభించినది. 'రోటీ' (1942), 'కిస్మత్' (1943) చిత్రాల సంగీతకర్త ఆయన. హిందీ చిత్రాలలో పెద్ద వాద్యబృందాన్ని, బృందగానాన్ని ప్రవేశపెట్టిన ఆద్యులలో ఒకరు. పాట ఒక దారిని పోవుచుండగా వాద్యాలు దానిని అనుకరింపక, వేరొక దారిని నడచి, మరల వచ్చి కలిసికొనే పద్ధతిని ఆయన ప్రీతితో వాడినారు. 1975 వరకు ఆయన ఢిల్లీలో ఆ పదవి నిర్వహించినారు.

ఈ పరంపరలో తెలుగువారి భాగం తక్కువది కాదు. 1922లో ద్రాక్షారామంలో జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు మద్రాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి పనిచేసినవారు. 'చంద్రలేఖ' (1948)లోని భేరీనృత్యంతో దేశాన్ని ఆకట్టుకొన్న స్వరకర్త రాజేశ్వరరావు. శాస్త్రిగారు తరువాత ఆకాశవాణిలో చేరి, ఢిల్లీ వాద్యవృందానికి సారథ్యం వహించినారు. ఎవరెస్టు ఆరోహణాన్ని 'ఆదర్శ శిఖరారోహణం' అను నాదచిత్రంగా రూపొందించినారు. ఒక దృశ్యాన్ని స్వరాలతో కన్నులకు కట్టించుట నేపథ్యసంగీతానికి ప్రాణమైన విద్య. వీణ చేతబట్టిన శాస్త్రిగారికి జెమినీలోని అనుభవం వృథా కాలేదని నా నమ్మకం.

హిందీలో 'ఫిల్మీ' అను మాట ఒకటి ఉన్నది. విశేషణంగా పుట్టి నిందగా స్థిరపడినది. తెలుగులో 'సినిమా ఫక్కీ' అన్నప్పుడు కూడ ఆ చిన్నచూపే ధ్వనించును. ఈ మాటల వలననే మన చరిత్రకారులు ఒకే మనిషిని రెండు అధ్యాయాలుగా చీల్చినారు: బొంబాయిలో ఉన్న అనిల్ బిశ్వాస్ వినోద చరిత్రకు, ఢిల్లీలో ఉన్న అనిల్ బిశ్వాస్ సంగీత చరిత్రకు చెందినారు. చేయి ఒకటే, విద్య ఒకటే. మారినది భవనం మాత్రమే.

ఒక స్వరకర్తకు అర్పింపదగిన నివాళి ఆయన పద్ధతిని కొత్త రచనలో కొనసాగించుట. వాద్యవృందం ఆ పని చేసినది. ఎవరి పద్ధతియో పైకి చెప్పలేదు. పేరు చెప్పి ఆ ఋణం తీర్చుట చరిత్ర వ్రాయువారి బాధ్యత.