ధవళేశ్వరపు గట్టుమీద ఎనిమిది పటములు

మా ధవళేశ్వరమున జనార్దనస్వామి కొండమీద నిలిచి ఆశ్వయుజమాసపు పొద్దు గ్రుంకుటను చూచువానికి గోదావరికి ఆవలియొడ్డు కలదా యను సందేహము కలిగినచో అది వాని దోషము కాదు. లంకలను కలుపుకొని నది యిచట నాలుగుమైళ్ల వెడల్పున పరచుకొన్నది. నా పాత మడతకెమెరాలో ఫిల్ముచుట్టకు ఎనిమిది పటములే వచ్చును గనుక, కొండ దిగులోపల రెంటికి మించి తీయరాదని ప్రతి సాయంకాలమును నియమము చేసికొందును. ప్రతి సాయంకాలమును దానిని తప్పుదును.

తప్పించునది ఈ కొండరాయియే. 1847లో ఆర్థరు కాటను ఆనకట్ట పని ప్రారంభించుటకు ఈ తావును ఎన్నుకొనుటలో, లంకలు నదిని నాలుగుపాయలుగా చీల్చి కట్టవలసిన పొడవును తగ్గించుట యొక కారణమైనచో, చేరువనే రాయి దొరకుట వేరొక కారణము. ఆ రాయి కొట్టినచోట నడిమింటియెండలో కానరాని గంట్లు పడమటివెలుగు ఏటవాలుగా సోకినంతనే నీడలు నింపుకొని పటమునకు స్పష్టముగా ఎక్కును. 1852 నాటికి ఆనకట్ట పని ముగిసెను. దొరగారి విగ్రహములకు పడినన్ని దండలు, ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్నగారికి పడకపోవుట నాకు నేటికిని కష్టముగానే యుండును.

పాత ఆనకట్టకు మారుగా 1982లో వచ్చిన బ్యారేజీకి 175 తలుపులు. దానిని ఒక్కపటమున పట్టుట నాకు చేతకాలేదు, ప్రయత్నమును మానుకొంటిని.

అందుచేత కొండ దిగి తూర్పుకాలువ గట్టుననే నడచుచుందును. కటకమునకు పసుపుపచ్చ అద్దము తొడిగినచో మబ్బులు ఆకాశమునుండి విడివడి నిలుచును. క్రింద వరిచేలు, తాళ్లు, నీటిలో మెడవరకు మునిగిన గేదెలు. నగరమునుండి వచ్చిన బంధువులు ఈ పటములను చూచి, అనాదిగా మారని పల్లెసీమ యని మురియుదురు. నేను వారి మురిపెమును చెరుపను గాని, ఆ పటములలో కొండను నదిని మినహాయించినచో నూటడెబ్బదియైదేండ్లకు మించిన వయస్సు గలది ఏమియు లేదు. నందన సంవత్సరపు కరువును, దాని వెనుకటి తుపానును కుదిపివైచిన రాజమహేంద్రవరము జిల్లాలో, 1821లో 7 లక్షలకు పైబడిన జనము 1841 నాటికి 5 లక్షల 60 వేలకు తగ్గెను. ప్రక్కనే నది పొంగి పారుచుండగా చేలు ఎండిన సీమ యిది. ఇపుడు నా యద్దములో కదలాడు పచ్చదనమంతయు ఈ కాలువ వచ్చిన పిమ్మటిదే.

మొన్న ఎనిమిదవపటము మిగిలియుండగా, గేదెలను ఒడ్డెక్కించుచున్న యొక కుఱ్ఱవాడు నన్ను నిలిపి అడిగెను:

"ఏటండీ మాష్టారూ, కాలవకి కూడా ఫొటో ఏటండీ?"

"నువ్వు కూడా నిలబడరా, అప్పుడు కాలవకీ బాగుంటుంది" అంటిని.

వాడు తలగుడ్డ విప్పి మొగము తుడుచుకొని, గేదె మెడమీద చేయివైచి నిలువుగా నిలిచెను. వెలుగు చాలలేదు, వంతెనగోడకు కెమెరాను ఆనించి, ఊపిరి బిగపట్టి మీట నొక్కితిని. గేదె కదలినది.