కంపెనీ ఫిట్టింగ్, బయట ఫిట్టింగ్

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఇన్‌టేక్ మంచిదా, అది పీకేసి బయట కొన్నది పెట్టించుకుంటే మంచిదా అని. ఇన్‌టేక్ అంటే బయటి గాలిని ఇంజన్ దాకా తెచ్చే గొట్టం, మధ్యలో ఒక డబ్బా, ఆ డబ్బాలో ఫిల్టర్. అంతే. స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ళు చాలామంది మొదట చెయ్యి పెట్టేది దీనిమీదే. నాలుగు బోల్టులు విప్పడం వస్తే చాలు.

ఒక పక్షం "అంతమంది ఇంజనీర్లకి తెలీనిది నీకు తెలుసా?" అంటుంది. రెండో పక్షం "ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీవాడు ఇంజన్ ముక్కు మూసేశాడు" అంటుంది. చరిత్రలోకి వెళ్తే ఈ రెండు పక్షాలూ విడివిడిగా ఉన్న కాలం పెద్దగా కనబడదు. నాకు ఆసక్తిగా అనిపించింది అదే.

ముందు చిన్న లెక్క. రెండు లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 6000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నిమిషానికి దాదాపు 6000 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే సెకనుకి వంద లీటర్లు. కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పొయ్యడం తేలిక, గాలి ఎక్కువ పట్టించడమే కష్టం. స్పోర్ట్స్ కార్ల చరిత్రలో సగం ఈ కష్టం చుట్టూనే తిరుగుతుంది.

1950ల చివర్లో డెట్రాయిట్‌లో క్రైస్లర్ కంపెనీ కుర్ర ఇంజనీర్లు కొందరు కలిసి డ్రాగ్ రేసుల కోసం ఒక క్లబ్బు పెట్టుకున్నారు. పేరు రామ్‌చార్జర్స్. పగలు కంపెనీ ఉద్యోగం, ఆ తర్వాత సొంత సరదా. వాళ్ళు ఒక పాత 1949 ప్లిమత్ కారు తీసుకుని, ఇంజన్ మీద ఆకాశంలోకి లేచినట్టుండే ఎత్తయిన ఇన్‌టేక్ మానిఫోల్డ్ బిగించారు. చూడ్డానికి వింతగా ఉండే ఆ కారు పేరు 'హై అండ్ మైటీ'. 1959లో డెట్రాయిట్‌లో జరిగిన నేషనల్స్ పోటీల్లో అది పరిగెత్తింది.

ఆ ఎత్తు అలంకారం కోసం కాదు. గొట్టంలో వేగంగా వస్తున్న గాలి, వాల్వు మూసుకోగానే దానికి కొట్టుకుని నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి అలగా మారి గొట్టంలో అటూ ఇటూ తిరుగుతుంది. వాల్వు మళ్ళీ తెరుచుకునే క్షణానికి సరిగ్గా తిరిగొస్తే, ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. గొట్టం పొడుగైతే తక్కువ ఆర్‌పీఎం దగ్గర, పొట్టిదైతే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఈ లాభం దొరుకుతుంది.

మరుసటి ఏడాదికే ఇదే సూత్రం షోరూముకి వచ్చింది. 1960 క్రైస్లర్ 300ఎఫ్‌లో ఇంజన్‌కి ఒక పక్కనున్న కార్బురేటర్ నుంచి రెండో పక్క సిలిండర్లకి 30 అంగుళాల గొట్టాలు అడ్డంగా పోతాయి. 375 హార్స్‌పవర్. ఇంకా కావాలన్నవాళ్ళకి 400 హార్స్‌పవర్ రకం కూడా ఉండేది. దాని గొట్టాలు పైకి అంతే పొడుగ్గా కనిపిస్తాయి కానీ, లోపలి అడ్డుగోడలు తగ్గించేసి పనిచేసే పొడవుని 15 అంగుళాలు చేశారు. ఒకే సంస్థ మనుషుల ఆలోచన: రేసు ట్రాక్ మీద బయట ఫిట్టింగ్, షోరూములో కంపెనీ ఫిట్టింగ్!

1965 పాంటియాక్ జీటీఓ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దాని బోనెట్ మీది స్కూప్ ఉత్త అలంకారం, లోపలికి దారే లేదు. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ తన డీలర్ల ద్వారా 'రామ్ ఎయిర్' అనే కిట్ అమ్మింది. స్కూప్ తెరిచి, కార్బురేటర్ల చుట్టూ ఒక రేకు పళ్ళెం పెట్టి, దానికీ బోనెట్‌కీ మధ్య ఫోమ్ అంటిస్తే బయటి చల్లగాలి నేరుగా కార్బురేటర్లకి అందుతుంది. కంపెనీ సరుకే, కానీ బిగించేది కారు అమ్మాక. దీన్ని ఏ పక్షంలో వెయ్యాలి?

రెండు దారులూ స్పష్టంగా వేరైంది ఆ దశాబ్దం చివర్లో అని నా అభిప్రాయం. పొగమంచు లాంటి పొగతో ఉక్కిరిబిక్కిరైన కాలిఫోర్నియా 1967లో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెట్టుకుంది. 1969లో అదే రాష్ట్రంలో, రివర్‌సైడ్‌లో, కే అండ్ ఎన్ మొదలైంది. నూనె పట్టించిన నూలుగుడ్డ ఫిల్టర్లు కడిగి మళ్ళీ వాడుకోవచ్చన్నది వాళ్ళని నిలబెట్టిన సరుకు. తర్వాత తర్వాత అక్కడ రోడ్డు మీద తిరిగే కారుకి బయటి ఇన్‌టేక్ పెట్టాలంటే, ఆ బోర్డు ఇచ్చిన మినహాయింపు నంబరు ఉండాల్సి వచ్చింది.

అప్పట్నించి కంపెనీ ఇన్‌టేక్ ఎందరికో జవాబు చెప్పాలి: పొగ నిబంధనలకి, శబ్దం నిబంధనలకి, దుమ్ముకి, వానకి, లక్ష కిలోమీటర్లు నడిపే మనిషికి. బయట ఫిట్టింగ్ ఒక్క యజమానికి చెబితే చాలు. అసలు తేడా ఇదే. కంపెనీ గొట్టానికి పక్కన అతికించినట్టుండే ఖాళీ డబ్బా చూడండి, ఎందుకూ పనికిరానట్టు ఉంటుంది. నిజానికది ఒక శ్రుతిలో వచ్చే రొదని మింగేసే రెసొనేటర్. నా ఉద్యోగంలో ఇలాంటివి రోజూ తగులుతాయి. పాత కోడ్‌లో అర్థంకాని ఒక లైను తీసేస్తే మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. అసలు సంగతి ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది.

ఇన్‌టేక్‌లోనూ అంతే. డబ్బా తీసేసి ఫిల్టర్‌ని ఇంజన్ పక్కనే వదిలేస్తే అది వేడిగాలి పీలుస్తుంది. 30 డిగ్రీల గాలి బదులు 60 డిగ్రీల గాలి పోతే సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. చల్లగాలి కోసం గొట్టాన్ని బంపర్ కిందికి దించితే, మన హైదరాబాద్ వానలో అది నీళ్ళు తాగే ప్రమాదం ఉంది. నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. గాలిని కొలిచే సెన్సర్ దగ్గర గొట్టం వ్యాసం మారితే కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

అలాగని కంపెనీ ఇచ్చిందే చివరి మాట కాదు. ఆ సంగతి ఒప్పుకున్నది కంపెనీయే. 2003లో బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్ తయారుచేసినప్పుడు మామూలు ఎం3లోని ఇన్‌టేక్ డబ్బా తీసేసి పెద్ద కార్బన్ ఫైబర్ డబ్బా పెట్టింది, గాలి కొలిచే సెన్సర్‌ని ఎత్తేసింది, దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ మార్చింది. ఇంజన్‌లో మరికొన్ని మార్పులు కూడా కలిసి 343 హార్స్‌పవర్ 360 అయ్యింది. పెరిగింది పదిహేడే. కానీ ఆ కారు పేరు చెప్పగానే జనం తలుచుకునేది ఆ డబ్బాలోంచి వచ్చే గర్జననే. ఇప్పుడు మామూలు ఎం3లకి ఆ డబ్బా నకళ్ళు బయట దొరుకుతాయి. చక్రం పూర్తిగా తిరిగింది.

చాలామంది నిజంగా కొనుక్కున్నది ఆ శబ్దమే. పవర్ పెరిగిందని చెబుతారు గానీ, చెవికి వినిపించేదే ముందు నమ్మకం కలిగిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ రొదని మింగించిన కంపెనీలు ఈ సంగతి గ్రహించాయి. 2012లో వచ్చిన టొయోటా 86లో ఇన్‌టేక్ శబ్దాన్ని కేబిన్‌లోకి తెచ్చే గొట్టం విడిగా ఉంది. 991 తరం పోర్షాలో ఆ పనికి 'సౌండ్ సింపోజర్' ఉంది. ఆ తరం బీఎండబ్ల్యూ ఎం5 అయితే ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లలోంచే వినిపించింది.

నన్నడిగితే, వీధుల్లో నడిపే కారుకి ఈరోజు కంపెనీ ఇన్‌టేకే మేలు. కానీ ఆ మేలు సగం బయటివాళ్ళు నేర్పిందే. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ తగవు ఎలాగూ ఆగిపోతుంది, మోటారుకి ఊపిరి అక్కర్లేదు. శబ్దం పోతుందని నాకు బెంగ లేదు. ఆ ప్లిమత్‌ని విప్పి చూసిన కుర్రాళ్ళలాంటి వాళ్ళు బోనెట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టగలిగే చోటు కారులో ఇంకేం మిగులుతుందన్నదే నా దిగులు.